బుగ్గకు అంటని బిళ్ళ

బళ్ళారి ఫార్మసీ కాలేజీలో హారతి తయారుచేస్తున్న నొప్పి బిళ్ళను మింగనక్కర్లేదు. బుగ్గ లోపల అంటించుకుంటే అక్కడే మెల్లగా కరిగి మందు నెత్తుట్లోకి ఎక్కుతుంది. గొంతు పుండై గుక్కెడు నీళ్లు కూడా దిగనివాళ్ల కోసం ఆ తంటాలు. బిళ్ళ నిలుస్తుందో లేదో చూడటానికి మేక బుగ్గ లోపలి పొర కావాలి. దాన్ని భీమేష్ మాంసం అంగడి నుంచి తెచ్చిపెట్టేవాడు జూనియర్ ప్రశాంత్.

హారతికి అనుమానం ఆ ప్రశాంత్ మీదే. అతనూ అలాంటి బిళ్ళే చేస్తున్నాడు, కాలేజీ ముందుకు తీసుకుపోయేది ఒక్కదాన్నే. ఒకరోజు, బిళ్ళ అంటుకోవడానికి ఆమె కలిపే జిగురు పొడి డబ్బా దగ్గర కనిపించాడు.

"ఏం చేస్తాండావు ఈడ?"

"ఏం లేదక్కా... స్పూను వెతుకుతాండా" అని తడబడ్డాడు.

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకుంది హారతి. అనుమానం పుట్టాక ఎదుటి మనిషి నవ్వినా తప్పే, తుమ్మినా తప్పే.

ఇక అతని చేతి మేక బుగ్గ కూడా వద్దనుకుంది. మాంసం అంగడి మెట్టెక్కని ఇంటి పిల్ల, అతనికి చెప్పకుండా తనే పోయింది. బుగ్గలు కోసిమ్మని భీమేష్ చేతికి సంచీ ఇచ్చి, ఆ వాసనకు నిలబడలేక పక్క సందులో తిరిగి వచ్చి తీసుకుంది.

ఆ బుగ్గ మీద బిళ్ళ నిలవలేదు. అంతకుముందు పూటంతా పట్టుకున్న బిళ్ళ, పెట్టగానే జారిపోయింది. హారతికి ఒళ్లు మండిపోయింది. తిన్నగా ల్యాబ్ చూసుకునే మాధవ సార్ దగ్గరికి పోయి, "ప్రశాంత్ నా పొడి మార్చేసినాడు సార్" అంది. సార్ పిలిచి అడిగితే "నేను ముట్టలేదు సార్" అన్నాడే గానీ అతను ఆమె వైపు చూడలేదు. సార్ అతని దగ్గర ల్యాబ్ తాళం తీసేసుకున్నారు.

సీలు విప్పని కొత్త డబ్బా పొడితో హారతి మళ్ళీ బిళ్ళలు చేసింది. అవీ జారాయి. ఆ డబ్బాలో ప్రశాంత్ వేలు పెట్టే వీలే లేదు. మరి తప్పు బుగ్గలో ఉందా? గుబులుగా అంగడికి పరుగెత్తింది. భీమేష్ మేక తలను మంట మీద తిప్పుతున్నాడు.

"నాకిచ్చినవి కూడా కాల్చినవేనా అన్నా?"

"కాల్చకుండా యాడిస్తామమ్మా? ఇంట్లో కూరకని బాగా కాల్చి, గోకి, కడిగిచ్చినా. ఆ కాలేజీ పిల్లోడే పచ్చివి కావల్లంటాడు."

సెగకు కమిలిన పొరకు ఏ బిళ్ళ అంటుతుంది? హారతికి సిగ్గుతో చచ్చినంత పనైంది. అక్కడే నిలబడి ప్రశాంత్‌కు ఫోన్ చేసింది. తప్పు నాదేనని చెప్పడానికి నోరు తెరిచేలోగా అతనే అడిగాడు.

"మళ్ళా ఏం మారిపోయిందక్కా ల్యాబ్‌లో?"