పులుసు గరిటె మీద మోపిన నేరం

నేను ఒక ఇత్తడి గరిటెను. నా మీద ఒక నేరం మోపారు. వంటలో విషం కలిపానన్నంత పెద్దది కాదు గానీ, గరిటె జన్మకు ఇంతకంటే అవమానం ఉండదు. నాతో తిప్పిన ప్రతిదానికీ కిలుము రుచి వస్తోందట! ఇంకెవరైనా అంటే పట్టించుకునేదాన్ని కాదు. అన్నది సత్యవేణి.

పుట్టింది ఇత్తడి సామాన్ల ఊరు అజ్జరంలో. కొలిమిలో కరిగి, మూసలో ఒదిగి, సుత్తి దెబ్బలు తిని ఈ ఆకారానికి వచ్చాను. నన్ను కొన్నది పెళ్ళి వంటల వీరభద్రం. ఆయన నన్ను పులుసు తిప్పడానికి కొంతా, పనివాళ్ళను అదిలించడానికి మరికొంతా వాడేవాడు. ఆకలేసినప్పుడు మనుషులు ఎంత మర్యాదగా ఉంటారో, తిన్నాక వంకలు పెట్టడానికి ఎంత తొందరపడతారో ఆయన చేతిలోంచే చూశాను.

ఆయన పోయాక కూతురు సత్యవేణికి దక్కాను. తణుకులో ఆమెది కర్రీ పాయింటు. ఆమె ముక్కల పులుసు కోసం జనం గిన్నెలు పట్టుకుని నిలబడేవారు. పులుసు మరిగాక నాతో ఒక్క చుక్క తీసి అరచేతిలో వేసుకుని నాకేది. అంతే. ఏది తక్కువో తేలిపోయేది.

ఆ తర్వాత ఆమె రొమ్ములో గడ్డ బయటపడింది. విజయవాడ ఆస్పత్రిలో కీమో మొదలైంది. మందు ఎక్కించుకొచ్చాక కొన్నాళ్ళు మంచం దిగేది కాదు. పోపు వాసన తగిలితే వాంతి. నోటినిండా పుళ్ళు. కాస్త తేరుకోగానే తలకు నూలుగుడ్డ చుట్టి, మూతికి మాస్కు కట్టి, పొయ్యి ముందు స్టూలు వేసుకుని కూర్చునేది.

"పడుకోవచ్చు కదే," అనేవాడు భర్త గంగాధరం.

"పడుకుంటే వచ్చినోళ్ళంతా అయ్యో అంటారు. ఇక్కడుంటే పులుసైందా అనడుగుతారు. నాకిదే బాగుందండి."

జుట్టు పోయినా ఏడవలేదు. ఆ అడిగేవాళ్ళు రావడం మానేస్తారేమోనన్నదే ఆమె భయం.

నా మీద నేరం పడింది అప్పుడే. చుక్క నాకి మొహం చిట్లించింది. నన్ను చింతపండుతో తోమింది. కళాయి వేయించింది. అయినా కిలుమే! చివరికి ఆస్పత్రి నర్సు తేల్చింది: "గరిటె తప్పు కాదమ్మా. ఈ మందులకి నోరు అలా అయిపోద్ది. కొన్నాళ్ళు చెక్కవి వాడండి."

నిర్దోషినని తేలింది. శిక్ష మాత్రం తప్పలేదు. చెక్క గరిటె వచ్చింది, నేను పొయ్యి పైన మేకుకు వేలాడాను.

మేకు మీంచి వంటిల్లంతా కనిపిస్తుంది. అసలు నేరం అక్కడినుంచే చూశాను.

సత్యవేణి తన నాలుకను నమ్మడం మానేసి ఇంట్లోవాళ్ళను అడిగేది. గంగాధరం, అతని చెల్లెలు భూలక్ష్మి ఓ ముద్ద తిని "అదిరిపోయింది" అనేవారు. ఆమె అటు తిరగ్గానే చెంబెత్తి గటగటా నీళ్ళు తాగేవారు. నాకు అంతుపట్టలేదు. పెళ్ళిభోజనం తిని పెళ్ళివారినే తిట్టే జాతి కదా ఇది! ఉప్పుకషాయాన్ని పొగుడుతారేమిటి?

సత్యవేణికీ అనుమానం తగిలింది. బయట ముసురు పట్టి ఉంటే ఇంట్లో నీళ్ళ క్యాను ఇంత తొందరగా ఎలా ఖాళీ అవుతోంది? సాయంత్రానికి పులుసు సగం ఎందుకు మిగులుతోంది? రోజూ వచ్చే రైసుమిల్లు గుమాస్తా ప్రకాశరావుగారు అవతలి పక్కనుంచి తల వంచుకుని ఎందుకు పోతున్నారు?

ఎవరినీ అడగలేదు. మర్నాడు వంకాయకూర వండి, ఉప్పు డబ్బా ముట్టుకోకుండానే దించేసింది. వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"ఎలాగుంది?"

"సూపరు వదినా," అంది భూలక్ష్మి.

"ఉప్పో?"

"కరెక్టుగా సరిపోయిందే," అన్నాడు గంగాధరం.

"అసలు వెయ్యలేదండి."

గంగాధరం చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"నువ్వు సూదులు పొడిపించుకునొచ్చి, ఆ స్టూలు మీద తూలిపోతా వండితే, ఉప్పెక్కువైందని ఏ నోటితో చెప్పమంటావే?" అన్నాడతను.

"ఆ నోటితోనే చెప్పాలి. నాది పనిచెయ్యట్లేదు కదా! మీరు బాగుందన్నారని ఊరందరికీ అదే పోసేను. రోగమొచ్చింది నాకు. మీ నాలుకలకేం వచ్చింది?"

మర్నాటినుంచి ఆమె స్టూలు పక్కన ఇంకో స్టూలు పడింది. వండేది ఆమె, రుచి చెప్పేది గంగాధరం. మొదట్లో "కొంచెం... ఉండాలేమో..." అని నసిగేవాడు. ఆమె చెక్క గరిటె ఎత్తితే "చప్పగా ఉందే!" అని కక్కేసేవాడు. కొన్నాళ్ళకు ప్రకాశరావుగారు మళ్ళీ గిన్నెతో వచ్చారు. "ఏమ్మా, పులుసైందా?" అన్నారు. ఆమె మాస్కు వెనకాల నవ్విందని కళ్ళు చెప్పాయి.

కీమో అయింది. రేడియేషనూ అయింది. నడుమనడుమ నన్ను దించి, చుక్క నాకి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ మేకుకు తగిలించేది.

ఇవాళ పొద్దున గంగాధరం పులుసు రుచి చూసి "సరిపోయింది" అన్నాడు. ఆమె నన్ను దించింది. చుక్క. అరచెయ్యి. నాలుక. ఆగింది. ఇంకో చుక్క వేసుకుంది.

"ఏవండీ! ఉప్పు రవ్వంత తగ్గింది. ఇన్నాళ్ళూ ఇలాగే పోయించేరా నాచేత?"

గంగాధరం మళ్ళీ నాకి చూశాడు. అతనికేమీ తెలియలేదు. తెలియనందుకే మొహం వెలిగిపోయింది.

"ఇంకోసారి తిట్టవే," అన్నాడు.

ఆమె ఉప్పు డబ్బా మూత తీసింది. నన్ను మేకుకు తగిలించే సంగతే మరిచిపోయింది. నేనింకా పులుసులోనే ఉన్నాను.