పన్నెండో మోత

వదిన శవాన్ని తలుపు రెక్క మీద మోసుకొచ్చాం. పైన దుప్పటి కప్పాం. దుప్పటి కింద సగం మనిషే ఉంది. గేటు దగ్గర కాపలా సిపాయి మమ్మల్ని ఆపాడు. "లోపలికెట్లా వచ్చారు?" అని గద్దించాడు. చచ్చిందెవరని అడగలేదు.

లోపలంటే మా ఊరే. నలభై ఏళ్ల కింద యుద్ధం వచ్చినప్పుడు, సిపాయిలకు శిక్షణ ఇవ్వాలి, మూడేళ్లయ్యాక మీ పొలాలు మీకే అని చాటించారు. మా పెద్దలు ఇళ్లకు తాళాలేసి, తాళంచెవులు మొలకు కట్టుకుని బయటికొచ్చారు. మూడేళ్లు నిండకముందే యుద్ధం అయిపోయింది. శిబిరం మాత్రం కదల్లేదు. మొదట డేరాలు, తర్వాత ముళ్లకంచె, ఆ తర్వాత గోడ. మా బడి గోడకు సున్నం కొట్టి, గురి చూడటానికి దాని మీద గుండ్రాలు గీశారు. మేం కంచె బయట రేకుల పాకల్లో ఉండిపోయాం.

ఆ నేలలో ఇప్పుడు పండేది ఇనుమొక్కటే. పేలిన ఫిరంగి గుండ్ల ముక్కలు ఏరి కాంట్రాక్టరుకు వేస్తాం. వేలంపాట అతనిది, చేతులు మావి.

ఏరడానికి ముందు లెక్క ఉంటుంది. మా పెద్దమ్మ కంచె పక్క గట్టు మీద కూర్చుంటుంది. ఫిరంగి మోగితే కుడి పక్కన ఒక గులకరాయి. గుండు పడి పేలితే ఎడమ పక్కన ఒకటి. రెండు కుప్పలూ సమానమైతేనే కొంగు ఊపుతుంది. ఒక్కటి తగ్గినా, పేలని గుండు ఎక్కడో పొంచి ఉన్నట్టే. ఆ రోజు ఎవరూ అడుగు పెట్టరు. ఇరవై ఏళ్లలో ఆమె లెక్క తప్పలేదు.

వదిన పోయిన రోజు పన్నెండుకి పన్నెండు. కొంగు ఊపింది. ముందు వెళ్లింది ఆమె కోడలే.

సాయంత్రం కాంట్రాక్టరు కాగితం పట్టుకొచ్చాడు. "మేక తప్పిపోతే వెతుక్కుంటూ పోయిందని రాశాను. వేలిముద్రలెయ్యండి. ముసలిదానికి చెవుడొస్తే తప్పు నాదా?"

పెద్దమ్మ తల ఎత్తలేదు. ఒళ్లో ఆ రాళ్లే ఉన్నాయి. "నా చేత్తో నేనే చంపుకున్నాను" అంది. అన్న తల్లి వంక చూడకుండా గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

ఆ కాంట్రాక్టరు క్వారీలోనే రాళ్లు కొట్టే మా బావ ముందుకొచ్చాడు. "అత్తా, ఆఖరి మోత ఏ దిక్కునుంచి వినబడింది?"

"గట్టు వెనకాల్నుంచి. గాలి మళ్లిందేమో అనుకున్నా."

"గాలి కాదు, అత్తా. మేం బండకు పెట్టిన మందు పేలిన మోత. దాన్నే నువ్వు పన్నెండో గుండనుకున్నావు. ఆఫీసర్ల బంగళాలకు దొంగరాయి తీస్తున్నాం. గుండ్ల మోతలో కలిసిపోవాలి, అప్పుడే పేల్చండి అన్నది ఈయనే."

అందరూ కాంట్రాక్టరు వైపు తిరిగారు.

"రేపట్నుంచి నీకు పని లేదురా!" అని అరిచాడతను.

"తలుపు మీద పడుకున్న ఈమెకు ఊపిరే లేదు. నాకు పని లేకపోతే ఏం?" అన్నాడు బావ.

మా పాకల దర్జీ కాగితం లాక్కుని చదివాడు. "బాగుందయ్యా! చావు మాది, కథ నీది. పైగా వేలిముద్ర కూడా మాదేనా? మాకు మేకలెక్కడివి, మేత ఉంటే కదా!" కాగితం నాలుగు ముక్కలైంది.

అతను వెళ్లాక వాదన మొదలైంది. సైన్యంతో పెట్టుకుంటే పాకలు కూడా ఉండవని కొందరు, ఏరకపోతే పొయ్యి వెలగదని కొందరు. పెద్దమ్మ లేచి నిలబడింది.

"రేపు నేను లెక్క పెట్టను. లోపలికి పోయి కూర్చుంటా. మనుషులుంటే కాల్చకూడదని వాళ్ల రూలే. ఇన్నాళ్లూ దొంగల్లా దూరాం. ఇక కనబడేట్టు పోదాం. నా కోడల్ని దాని ఇంటి దగ్గరే పెట్టాలి."

పొద్దున మూడు వందల మందిమి కంచె దాటాం. బావ నేల చూస్తూ ముందు నడిచాడు. ఒకరి అడుగులో ఒకరం అడుగేస్తూ వెనక మేం. పునాదులు మిగిలే ఉన్నాయి. ముసలివాళ్లు పొయ్యిరాళ్లను బట్టి ఎవరిల్లు ఏదో చెప్పారు. ఎవరి గడపలో వాళ్లం కూర్చున్నాం. కింద పేలని గుండుంటే తగలకూడదని, పార వాడకుండా చేతులతో మెల్లగా తవ్వి వదినకు గొయ్యి తీశాం. మొదటి పిడికెడు మన్ను అన్న వేశాడు.

ఫిరంగులు మోగలేదు.

ఆఫీసరు జీపు దిగి వచ్చాడు. "ఇది సైనిక స్థలం! మీరు చొరబడ్డారు!"

పెద్దమ్మ అతని కాళ్లకేసి చూసింది. "అయ్యా, నువ్వు నిలబడ్డది మా వంటింట్లో. ముందు బూట్లు విప్పు."

ఎవరో నవ్వారు. మూడు వందల మందిమీ నవ్వాం. సిపాయిల్లో ఒకడు తల పక్కకు తిప్పుకున్నాడు.

మధ్యాహ్నానికి పోలీసు లారీలొచ్చాయి. లాఠీలు లేచాయి. దర్జీ కుడిచెయ్యి విరిగింది. పెద్దమ్మను జుట్టు పట్టి ఈడ్చారు. అన్న తనంతట తానే లారీ ఎక్కి, చెయ్యి చాచాడు. "పట్టుకో, అమ్మా." నిన్నటి నుంచి ఆమెతో అతను మాట్లాడిన మొదటి మాట అది.

లారీ కదిలింది. పెద్దమ్మ పెదవి మీది నెత్తురు తుడుచుకుని అడిగింది: "ఎన్ని పడ్డాయిరా?"

"ఒక్కటీ పడలేదమ్మా."

గేటు దగ్గర క్వారీ వాళ్లు నిలబడి ఉన్నారు, ఎనభై మంది దాకా. సుత్తులు కింద పడేసి ఉన్నాయి. మా లారీ దాటగానే వాళ్లు లోపలికి నడిచారు. నేల చూసుకుంటూ, ఒక్కొక్కరే, మా అడుగుల్లో అడుగులేస్తూ.