పక్కనున్న హీటర్

హైడెల్‌బర్గ్‌లో ఒక వాద్యబృందానికి హార్ప్సికార్డ్ మోసే పని నాది. పియానో పుట్టకముందు నాటి వాయిద్యం అది. కాస్త వేడి తగిలినా తీగలు శ్రుతి తప్పుతాయి. మా నరసాపురం పిల్ల జెరుషా ఏడేళ్లుగా దాన్ని శ్రుతి చేస్తోంది. దాన్ని వాయిస్తూనే బృందాన్ని నడిపించే ముసలి ఫోగ్ట్ ఈ ఏడు దిగిపోతున్నాడు. ఆయన స్థానం కోసం ఆరోజు చర్చిలో పరీక్ష పెట్టారు.

పోటీకి ముగ్గురు, వాళ్లలో జెరుషా ఒకతె. మిగతా ఇద్దరికీ శ్రుతి చేసిపెట్టింది కూడా జెరుషాయే. చివరి వంతు తనది. విరామంలో తనకోసం మళ్లీ శ్రుతి చేసుకుని, బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. ఫోగ్ట్ లేచొచ్చి వాయిద్యం పక్కనున్న హీటర్ వేశాడు. నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఏటేటా నా కాంట్రాక్టు మీద సంతకం ఆయనదే, వచ్చే ఏటిది ఇంకా పెట్టలేదు.

జెరుషా వచ్చి వాయించగానే తీగలు అపస్వరం పలికాయి.

"అందరికీ చేసిపెట్టావు, నీకు చేసుకోవడం రాలేదా?" అన్నాడు ఫోగ్ట్. వాద్యగాళ్లు నవ్వారు.

ఆ స్థానం రెండో అతనికిచ్చారు. తీగలు బిగించే కీ మాత్రం ఫోగ్ట్ ఆమె చేతిలోనే పెట్టాడు. "నాలుగింటికి కొత్తాయన రిహార్సల్. నిన్ను పైకెక్కిస్తే ఈ పని ఎవరు చేస్తారమ్మాయ్?"

ఆయన వెళ్లాక జెరుషా హీటర్ మీద చెయ్యి పెట్టి చూసింది.

"బాబాయ్, ఇదెవరేశారు?"

"నేను చూళ్లేదమ్మా."

నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత హీటర్ ఆపి, మొదటి తీగ మీదికి వంగింది.