తవ్వని నేల

మట్టి పరీక్ష అంటే మా ఆఫీసులో పెద్దలకు ఫ్యాను కింద కూర్చుని సంతకం పెట్టే పని. ఎండలో మాడి చచ్చేది నేను. మోత్కూర్ అవతల సర్కారు చెలకలో హాస్టల్ కడతారట. పునాదికి ముందు నేల ఎంత గట్టిదో చూడాలి. మిషన్ దించామో లేదో, ఒక ముసలామె వచ్చి అడ్డంగా కూర్చుంది. పేరు బిక్షమ్మ. వెనకాలే భర్త గురవయ్య, తల దించుకుని.

"నా బిడ్డ గీడనే ఉన్నది మేడం. పురిట్లనే పోయింది. బాలింతనని నన్ను రానియ్యలే. మా ఆయినే పెట్టొచ్చి, తర్వాత జాగా చూపిచ్చిండు. జర ఆ బొక్కలు తీసుకపోనియ్యి. మా ఇంటి ఎనుక పెట్టుకుంట."

పెద్దల అమావాస్య వస్తే అక్కడ పాలు పోసేదట. బిడ్డ ఎముకల కోసం ఆమె బతిమాలుతుంటే నా చిరాకు ఎటు పోయిందో తెలియదు. "మెల్లగ తవ్వుండ్రి" అన్నాను మావాళ్లతో.

"వద్దు తియ్యి మేడం. గిన్నేండ్లకు ఏముంటది?" అన్నాడు గురవయ్య.

"నీకేం, నువ్వు ఎత్తుకున్నవ్. నేను మొఖం సుత చూడలే" అని కసిరింది బిక్షమ్మ.

మోకాటి లోతు దిగాక నేనే ఆపించాను. పైన ఎర్రమట్టి, కింద మొరం, గీత గీసినట్టు వేరువేరుగా ఉన్నాయి. ఒకసారి తవ్వి పూడ్చిన చోట పొరలు కలిసిపోతాయి, ఎన్నేళ్లయినా మళ్లీ విడిపోవు. ఈ నేలను ఎవరూ ఎన్నడూ తవ్వలేదు. అటూ ఇటూ తవ్వించినా అదే తీరు. ఈ పాడు చదువు ఎందుకు చదివానా అనిపించింది.

"ఏమాయె బిడ్డా? చెప్పు."

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఉన్నది చెప్పేశాను. ఆమె భర్త వైపు తిరిగింది. గురవయ్య అక్కడే కూలబడి బోరుమన్నాడు.

"గీడనే పెడ్దమని తెచ్చిన. అప్పుడు గిది పటేలు చెలక. ఎల్లగొట్టిండు. బిక్కేరు వాగు ఇసుకల పెట్టిన. ఆ వానకాలమే వాగొచ్చి అంత కొట్టుకపోయింది."

"మరి నాకు గీడ ఎందుకు చూపిచ్చినవ్?"

"నువ్వు అన్నం ముట్టకపోతివి. ఏదో ఒక జాగా చూపియ్యకుంటే నువ్వు గూడ పోతవని భయమాయె."

బిక్షమ్మ చాలాసేపు ఆ గుంతలోకే చూసింది. మీద పడి కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు, ఏడవనూ లేదు. నాకే కళ్లలో నీళ్లు ఆగలేదు. చివరికి ఆయన రెక్క పట్టి లేపి, నా వైపు తిరిగింది.

"మిషన్ పెట్టుకోండ్రి బిడ్డా. గీడ ఎవ్వలు లేరు."