వైరు మీద గళ్ల పీలిక

పున్నయ్య మూడు రోజులుగా ఒకే మాట వల్లె వేస్తున్నాడు. "వైరు చూడలేదు సార్. కళ్లు సరిగా ఆనటంలా. తప్పు నాదే." క్వారీలో జరిగిన ప్రమాదం మీద సోమవారం విచారణకొచ్చే ఆఫీసరు ముందు అప్పజెప్పాల్సిన పాఠం అది. బడి మొహం ఎరగని మనిషి అరవై రెండేళ్ల వయసులో, నరసరావుపేటలో కూతురింటి వరండాలో కూర్చుని పాఠం బట్టీ కొడుతుంటే, లోపల లాప్‌టాప్ ముందున్న శిరీషకు ఒళ్లు మండిపోతోంది. తండ్రి కళ్లు బాగానే ఉన్నాయని, ఆ పాఠం అబద్ధమని ఆమెకు తెలుసు మరి.

గురజాల దారిలో ఉన్న ఆ సున్నపురాయి క్వారీలో పున్నయ్య, మల్లమ్మ పాతికేళ్లు రాయి కొట్టి లారీలకెత్తారు. అక్కడ పని మనిషికి కాదు, జతకిస్తారు. మొగుడూ పెళ్లాం కలిసి ఒక జత. హాజరు పుస్తకంలో పేరు మొగుడిది, నడుము మాత్రం ఇద్దరిదీ విరుగుతుంది. ఆ జత కష్టంతోనే శిరీష ఇంజనీరింగ్ చదివింది, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం తెచ్చుకుంది, లెక్చరర్ గోపిని పెళ్లి చేసుకుంది. ఇంటి నుంచే పని చేసుకోవచ్చనగానే కూతురు శ్రీదివ్యను చంకనేసుకుని నరసరావుపేట వచ్చేసింది. మల్లమ్మ దగ్గి దగ్గి పోయింది. పున్నయ్యకు మోకాళ్లు అరిగిపోతే యజమాని వెంకట్రామయ్య ఆయన్ను గుంట పైన షెడ్డులో కూర్చోబెట్టాడు. రాయి పేల్చే ముందు గుంట ఖాళీ అయిందో లేదో చూసి సైరన్ మోగించడం ఆయన పని.

ఖాళీ అయిందని తెలుసుకోవడానికి వాళ్లకో పద్ధతుండేది. షెడ్డు ముందు ఒక ఇనప వైరు. గుంటలోకి దిగేవాళ్లు తలా ఒక గుడ్డపీలిక దానికి కట్టి దిగాలి, పైకొచ్చాక విప్పుకోవాలి. ఆడవాళ్లవి పాత చీర ముక్కలు, మగవాళ్లవి లుంగీ ముక్కలు. ఎవరి పీలిక ఏదో పున్నయ్యకు కంఠతా. వైరు బోడిగా కనపడితేనే సైరన్. ఆయన కూర్చున్న తొమ్మిదేళ్లలో ఒక్కరికీ చిన్న గీత కూడా పడలేదు.

ఆ పద్ధతిని మార్చింది శిరీషే. క్వారీలకు కార్డుల సిస్టమ్ చేద్దామని కంపెనీలో చెప్పింది ఆమె. గేటు దగ్గర కార్డు పెడితే లోపలికెళ్లినట్టు, మళ్లీ పెడితే బయటికొచ్చినట్టు. షెడ్డులో స్క్రీను మీద లోపల ఎంతమందో అంకె కనపడుతుంది. మొదట తన తండ్రి క్వారీలోనే పెట్టించింది. అందరూ మెచ్చుకున్నారు, టీమ్ లీడ్‌ని చేశారు. జతకో కార్డు చాలని ఆమే అంది. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అమ్మానాన్నలు ఎప్పుడూ ఆమె మనసులో ఒకే పేరుగా ఉండిపోయారు, అంతే. టీమ్‌లో కొత్తగా చేరిన హరిత మాత్రం అనుమానపడింది.

"మేడమ్, ఇద్దరిలో ఒక్కరే బయటికొస్తే?"

"నీకు క్వారీ తెలీదమ్మా" అని నవ్వేసింది శిరీష. "అక్కడ ఇద్దరూ కలిసే దిగుతారు, కలిసే ఎక్కుతారు."

అక్కడే పుట్టి పెరిగినదానికి లేని అనుమానం పట్నం పిల్లకొచ్చింది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు శిరీషకు తన పళ్లు తానే రాలగొట్టుకోవాలనిపిస్తోంది.

కార్డులొచ్చాక కూడా పున్నయ్య వైరు తీయనివ్వలేదు. నెల కిందట ఎవరో పీలిక విప్పడం మరిచి ఇంటికెళ్లిపోతే, స్క్రీను సున్నా చూపిస్తున్నా ఆయన గంటసేపు పేలుడు ఆపేశాడు. వెంకట్రామయ్య నలుగురిలో వెక్కిరించి, శిరీషకు ఫోన్ చేసి మరీ నవ్వాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. వెంటనే తండ్రికి ఫోన్ చేసి తిట్టింది. "ఇంకా ఆ పీలికలేంది నాన్నా? నేను చేసినదాని మీద నీకే నమ్మకం లేకపోతే ఇంకెవరికుంటది?"

మంగళవారం మధ్యాహ్నం, గుంటలో పనిచేసే మంజులకు బడి నుంచి ఫోనొచ్చింది, పిల్లకు జ్వరమని. ఆమె పైకొచ్చి తన చీర పీలిక విప్పుకుని, గేటు దగ్గర కార్డు పెట్టి ఆటో కోసం పరుగెత్తింది. మొగుడు రమేష్ గుంటలోనే ఉన్నాడు, బండరాతి నీడన ఇరుక్కున్న గునపం లాక్కుంటూ. పేలుడు వేళకు మిగతావాళ్లంతా పైకొచ్చేశారు. స్క్రీను మీద సున్నా పడింది. సైరన్ మోగింది. రమేష్ పరుగెత్తాడు గానీ పైకి చేరేలోపే రాయి పేలింది. కుడికాలు మోకాలు పైదాకా తీసేశారు.

శిరీష లేచి వరండాలోకొచ్చింది. "నాన్నా, నిజం చెప్పు. వైరు చూశావా లేదా?"

పున్నయ్య చేతులకేసి చూసుకున్నాడు. "చూశానమ్మా. నీలం గళ్ల పీలిక, రమేష్‌ది. ఊగతా ఉంది. మళ్లీ ఎవుడో మర్చిపొయ్యాడనుకున్నా. మళ్లీ ఆపితే నీకు నామర్దా అనుకున్నా. స్క్రీను సున్నా అంది. నువ్వు చేసింది గదమ్మా."

శిరీష అక్కడే గడప మీద కూలబడి ఏడ్చింది.

"ఏడవబాక. ఆఫీసరుతో చూడలేదనే చెబుతా. ముసలోణ్ణి, నన్నేం చేస్తారు? నీకు చానా బతుకుంది, పిల్లుంది."

లాప్‌టాప్‌లో ఇంకో అబద్ధం ఎదురు చూస్తోంది. కంపెనీ వాళ్లు రాసి పంపిన రిపోర్టు అది. సిస్టమ్‌లో లోపం లేదు, భర్త లోపలుండగా మంజుల అనే కార్మికురాలు కార్డు తప్పుగా వాడింది అని. సాయంత్రంలోగా శిరీష సంతకం పెట్టి పంపాలి. పెడితే ఉద్యోగం నిలుస్తుంది. పెట్టకపోతే ఇంటికి పొమ్మంటారు, కేసు పడినా పడుతుంది. గోపి పొద్దున కాలేజీకి వెళ్తూ, "నువ్వొక్కదానివే మునగవు, మనందరం మునుగుతాం. ఆలోచించుకో" అన్నాడు. తప్పుగా అనలేదు. శ్రీదివ్య ఆ మాట విని బూట్లు వేసుకోవడం ఆపి తల్లి మొహంలోకి చూసింది.

శిరీష సంతకం పెట్టలేదు, పెట్టనని కూడా చెప్పలేదు. చెప్పులేసుకుని ఆసుపత్రికి బయల్దేరింది.

రమేష్ మందుల మత్తులో నిద్రపోతున్నాడు. దుప్పటి ఒకవైపు పొంగి, రెండోవైపు మంచానికి అతుక్కుపోయి ఉంది. మంజుల స్టూలు మీద కూర్చుని ఉంది. శిరీషను చూడగానే ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

"నేనే చేశానక్కా. కార్డు ఆయన చేతికిచ్చి రావాల్సింది. మా అత్త మొహం మీదే అంది, మొగుణ్ణి గుంటలో వదిలేసి కార్డు తీసకపొయ్యావేందే అని. నా చేతులతో నేనే..."

ఊరుకుంటే సరిపోతుంది. ఓదార్చి, నాలుగు పళ్లు అక్కడ పెట్టి ఇంటికెళ్లిపోవచ్చు. ఆ తప్పు ఎత్తుకోవడానికి అక్కడ నాన్న, ఇక్కడ మంజుల సిద్ధంగా ఉన్నారు, అడక్కుండానే. శిరీషకు తన మీద తనకే రోత పుట్టింది.

"నీ తప్పేం లేదు మంజులా. కార్డు ఇచ్చొస్తే నీకు గేటు తెరుచుకోదు. గేటు దగ్గర పెడితే ఇద్దరూ బయటికొచ్చినట్టే. నువ్వేం చేసినా ఒకటే. అట్టా రాసింది నేను."

మంజుల ఏడుపు ఆగింది. చెయ్యి వదిలేసింది. తర్వాత మెల్లగా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"మీ అమ్మా నాయనా ఆ గుంటలో చేసినోళ్లే గదక్కా. నీకు చిన్నప్పుడు ఎప్పుడూ జొరం రాలేదా?"

వచ్చింది. మూడో తరగతిలో. బల్ల మీద తల పెట్టి పడుకుంటే మాస్టారు క్వారీకి కబురంపాడు. మల్లమ్మ తల నుంచి పాదాల దాకా తెల్లటి రాతిపొడితో పరుగెత్తుకొచ్చింది. పిల్లలు దయ్యమని నవ్వారు. ఆ నవ్వులకు సిగ్గుపడి శిరీష అమ్మ భుజంలో మొహం దాచుకుంది. అమ్మ ఒక్కతే వచ్చింది. నాన్న గుంటలోనే ఉండిపోయాడు. ఆ మధ్యాహ్నాన్ని శిరీష ఎంత గట్టిగా మరిచిపోయిందంటే, కార్డులు చేసేటప్పుడు అది గుర్తుకే రాలేదు.

"వచ్చింది" అంది శిరీష. "అమ్మ ఒక్కతే పైకొచ్చింది."

"మరి?"

మంజుల మొగుడి దుప్పటి సర్దింది, బోసిపోయిన వైపు కూడా.

"ఆ మాట నాకు కాదక్కా. సోమవారం అందరి ముందరా చెప్పు. మా అత్త కూడా వస్తది."

"చెబుతా."

శిరీష ఆసుపత్రి వరండాలోకొచ్చి తండ్రికి ఫోన్ చేసింది. "నాన్నా, ఆ పాఠం మర్చిపో. పీలిక చూశానని చెప్పు. ఎందుకు ఆగలేదో కూడా చెప్పు."

"నీ మాట నమ్మి సైరన్ మోగించానని నేనెట్టా చెప్పేదమ్మా, నలుగురిలో?" అన్నాడు పున్నయ్య.