వట్టివేరు సదస్సు

శశిభూషణ్ సారు వట్టివేరు మీద పద్దెనిమిది పరిశోధనా పత్రాలు రాశారు. మట్టి మాత్రం ఏనాడూ ముట్టలేదు. ముట్టడానికి ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసే సింధూజ ఉంది. యూనివర్సిటీలో వంగినవాళ్లది చెమట, పక్కన నిలబడ్డవాళ్లది పేరు.

డిపార్ట్‌మెంట్ వెనక వాలులో మూడేళ్ల కింద సింధూజ, తోటమాలి కొమురెల్లి కలిసి పిలకలు నాటారు. మొదటి ఏడాదంతా బకెట్లతో నీళ్లు మోశారు. ఆ గడ్డికి కావలసింది నిండా ఎండ, వేళ్లు దిగేదాకా తడి, ఏటా ఒక కోత. అంతే. ప్రతి వానకూ కొట్టుకుపోయే మట్టి రెండో ఏటికల్లా కదలడం మానేసింది. ఆ మట్టి లెక్కలే సింధూజ థీసిస్. ఈ వానాకాలం ఆఖరి కొలత తీస్తే, సారు సంతకం ఒక్కటే మిగులుతుంది.

మే నెలలో సారు దేశవాళీ గడ్డిజాతుల రక్షణ మీద జాతీయ సదస్సు పెట్టారు. తార్నాక చౌరస్తా దాకా ఫ్లెక్సీలే. వాటిలో గడ్డి బెత్తెడు, సారు నిలువెత్తు.

సదస్సు రోజు పొద్దున్నే తార్నాకలోని తన గది నుంచి వచ్చిన సింధూజ వాలు చూసి కొయ్యబారిపోయింది. వట్టివేరు లేదు. నర్సరీ నుంచి చాపలా చుట్టి తెచ్చిన కార్పెట్ లాన్ సిగ్గు లేకుండా పచ్చగా పరుచుకుని ఉంది.

"ఏమైంది కాకా?" అని కొమురెల్లిని అడిగింది.

"నిన్న జేసీబీ వెట్టి తోడిచ్చిండు మీ సారు. ఎండిన పిచ్చిగడ్డి గెస్టులకు కనవడొద్దంట. పైన ఎండింది గని వేరు పాణంతోనే ఉన్నది, ఇది మన వట్టివేరే సార్ అని మొత్తుకున్న. తోటమాలివి తోటమాలి లెక్క ఉండు అన్నడు."

ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు! మూడుపూటలా అన్నం తింటూ వరిచేను చూసి తుంగ అనుకునే మేధావి ఈయన.

"ఇయ్యాల అందరి ముంగట చెప్త కాకా."

"చెప్పు బిడ్డా. నా మాట ఇనరు, నీ మాట ఇంటరు."

అతిథుల మెడల్లో బజారులో కొన్న వట్టివేరు దండలు పడ్డాయి. ముఖ్య అతిథి దండ ముక్కుకు ఆనించుకుని "ఆహా!" అని కళ్లు మూసుకున్నాడు. సారు అందరినీ వాలు దగ్గరకు నడిపించి, కార్పెట్ లాన్ వైపు చెయ్యి చాపారు.

"ఇదే మన మూడేళ్ల వట్టివేరు ప్రయోగం!"

పాతికమంది శాస్త్రవేత్తలు. ఒక్కరికీ అనుమానం రాలేదు. వంగి వంగి సెల్ఫీలు దిగారు.

సింధూజ ఒక అడుగు ముందుకు వేసింది. సారు ఆమె చెవి దగ్గరకు వంగారు.

"ఆఖరి కొలత లేకపోయినా ఫర్వాలేదమ్మా. ఉన్న డేటాతోనే థీసిస్ ఇచ్చెయ్. రేపే సంతకం పెడతాను."

ఆ వెంటనే గొంతు పెంచి, ఈ ఘనత మొత్తం మా డిపార్ట్‌మెంటుదే అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి.

అందరూ భోజనాలకు వెళ్లాక సింధూజ అక్కడే ఉండిపోయింది. కొమురెల్లి పైపు పట్టుకుని లాన్ తడుపుతున్నాడు. ఆమె వైపు తిరగలేదు.

"నేను జూసిన బిడ్డా" అన్నాడు. "నువ్వు గూడ చప్పట్లు గొట్టినవ్."