చెల్లెలికి పెట్టిన వంకలు

అద్దాల పనివాళ్ళ ఇళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. గాజుపలక మీద వెండినీళ్ళు పోశాక, వెండి గాజును గట్టిగా పట్టుకునేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. విప్పితే ఆ మాట అద్దంలో ఉండిపోతుంది. తర్వాత ఎవరైనా దాని ముందు కూర్చుని తేరిపార చూసుకుంటే, అద్దం ఆ మాటే వాళ్ళకి అప్పజెబుతుంది.

అందుకే పోతకు ముందు అందరూ నోటికి గుడ్డ కట్టుకుంటారు. అయినా పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి. అద్దాల వీధి చివర మంగలి కొట్లో ఒక అద్దం ఉంది. గడ్డం గీయించుకోవడానికి కూర్చున్న ప్రతివాడితోనూ అది "కొంప మునిగింది!" అంటుంది. దాన్ని పోస్తున్నప్పుడు వెనకటి తాత ఒకాయనకి పొయ్యి మీది పాలు గుర్తొచ్చాయట.

ఆ వీధిలో అందరికంటే మంచి కొట్టు గరుకు అనే అమ్మాయి వాళ్ళది. ఆ పేరు తండ్రి పెట్టిందే. చిన్నప్పటినుంచి పొడితో గాజు రుద్దీ రుద్దీ పిల్ల అరచేతులు గరుకుకాగితంలా తయారయ్యాయని ముద్దుగా అలా పిలిచేవాడు. ఇప్పుడామెకు పదిహేడేళ్ళు. ఆమెకు కావలసింది ఒక్కటే, వెండి పోసే కూజా. కూజా ఎవరి చేతిలో ఉంటే కొట్టు వాళ్ళది. తండ్రికి చేతులు వణకడం మొదలైంది కాబట్టి అది ఇవాళో రేపో తన చేతికి రావాలి.

రాలేదు. వెన్నముద్ద చేతికి వెళ్ళింది.

వెన్నముద్ద పిన్ని కూతురు. గరుకు తల్లి పోయిన చాలా కాలానికి, ఏడాది కిందట, తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పిన్ని వెంట వచ్చింది. పిన్నిని తిట్టుకుందామంటే ఒక్క సాకూ దొరకదు. పోట్లాడదు, దాచుకు తినదు. కూతురే భరించలేని మనిషి. పదహారేళ్ళు. ఆమె గుమ్మంలో నిలబడితే నీళ్ళు మోసేవాడు పక్కింటి వంతు మర్చిపోయి వీళ్ళ తొట్టి నింపేసేవాడు. రిబ్బన్ల షాపువాడు కొలిచిన దానికంటే జానెడు ఎక్కువ కత్తిరించేవాడు. గరుకు చేతి ముద్దలు తిని పెరిగిన కుక్క కూడా వెళ్ళి దాని కాళ్ళ దగ్గరే పడుకునేది. ఆ కుక్కతో గరుకు మాట్లాడటం మానేసింది.

కోటనుంచి రాణిగారికి అద్దం కావాలని కబురు వచ్చిన రోజు గరుకు తండ్రి ఎదుట నిలబడింది.

"నాన్నా, ఈ పోత నేను పోస్తాను."

"నువ్వు రుద్దు తల్లీ. నీలా రుద్దేవాళ్ళు ఈ వీధిలో లేరు. పోత చెల్లాయి పోస్తుంది."

"నా చేతికేమొచ్చింది?"

"నీ చేతికి తొందరెక్కువ. దానికి లేదు."

వెన్నముద్ద కూజా ఒళ్ళో పెట్టుకుని బిక్కమొహం వేసింది. "అక్కా, నేనడగలేదే."

"కొందరికి అడక్కుండానే వస్తాయిలే," అంది గరుకు. "అదే కదా బాధ."

తలుపంత గాజుపలకను బల్ల మీద పరిచారు. గరుకు దాన్ని రుద్దింది, కడిగింది, వెలుతురులో వంగి చూసి మళ్ళీ కడిగింది. పనివాళ్ళని పంపేసి అక్కాచెల్లెళ్ళిద్దరూ నోళ్ళకి గుడ్డలు కట్టుకున్నారు. వీధిలో బండ్లు గోల చేయకుండా చూడటానికి తండ్రి బయటికి వెళ్ళాడు. వెన్నముద్ద కూజా వంచింది. ఒకే ధార. ఎక్కడా తెగలేదు, ఎక్కడా చిమ్మలేదు. ఒక్క తప్పు దొరుకుతుందేమోనని గరుకు రెప్ప వేయకుండా చూసింది. దొరకలేదు.

వెండినీళ్ళు ముందు టీ రంగుకు తిరిగాయి, తర్వాత మసి రంగుకు. తర్వాత నెమ్మదిగా మెరుపు తేలింది. అందులో రెండు మొహాలు పక్కపక్కనే కనిపించాయి. చెమటతో, పొడితో, బూడిద పూసుకున్నట్టున్నది ఒకటి. రెండోదానికి సగం గుడ్డ కట్టి ఉన్నా చూడబుద్ధేస్తోంది. వెన్నముద్ద మూలకి వెళ్ళి కూజా కడగడం మొదలుపెట్టింది. గరుకు కదల్లేదు. గుడ్డ ఎప్పుడు కిందికి లాగిందో ఆమెకే తెలియదు. వెండిలో మిగిలిన తన మొహంతో గుసగుసగా అంది.

"ఎంత చూసుకున్నా ఏం లాభం? నీకన్నా మా చెల్లే అందగత్తె."

వెంటనే నోరు నొక్కుకుంది. వెనక నీళ్ళ చప్పుడు ఆగలేదు. చెల్లెలు వినలేదు.

అప్పుడే చెబితే సరిపోయేది. వెండి గీకేసి మళ్ళీ పోసేవాళ్ళు. నాలుగు తిట్లతో పోయేది. కానీ ఇంకో ఆలోచన వచ్చింది. అద్దం కోటకు వెళుతుంది. రాణిగారి మొహం మీదే వాగుతుంది. వెనక్కి వస్తుంది. పోత పాడైతే మాట పడేది పోసిన చెయ్యే. కూజా చేతులు మారుతుంది.

గరుకు గుడ్డ మళ్ళీ ముక్కు మీదికి లాక్కుంది.

అద్దం బండెక్కి వెళ్ళాక ఆమె చెల్లెలితో ఎంతో ప్రేమగా ఉంది. తల దువ్వింది. తన దుప్పటి ఇచ్చింది. మేకను కోసేముందు మేత వేసినట్టు.

ఒక మధ్యాహ్నం తండ్రీ పిన్నీ గాజుపలకలు తేవడానికి వెళ్ళారు. అప్పుడు కోటలో రాణిగారికి తల దువ్వే దాసి పెరటి గుమ్మంలోంచి రొప్పుకుంటూ వచ్చింది. తన చేతి అద్దాలన్నీ ఈ కొట్లోనే కొనుక్కునేది కాబట్టి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆమెకు తెలుసు.

"దాక్కోవే పిల్లా!" అంది వెన్నముద్దని చూసి. "మీ అద్దం మాట్లాడింది!"

"ఏమని?" అంది వెన్నముద్ద.

"రాణిగారు ఎదురుగా కూర్చున్నారా, నేను వెనక నిలబడి దువ్వుతున్నానా. 'ఎంత చూసుకున్నా ఏం లాభం? నీకన్నా మా చెల్లే అందగత్తె' అనేసింది. నా చేతిలో దువ్వెన రెండు ముక్కలైంది. ఎవరి చెల్లెలు అంటే, అద్దాలవాళ్ళ చెల్లెలే అయ్యుంటుందని తేల్చారు. వేటగాణ్ణి పంపారు. ముందు ఆ పిల్లని కళ్ళారా చూస్తారట. నిజమే అయితే తర్వాత పెట్టె."

"ఏం పెట్టె?"

"వాడి చంకలో ఉన్నదే. గుండె పెట్టడానికి." దాసి వచ్చిన దారినే పారిపోయింది.

వెన్నముద్ద అక్క వైపు తిరిగింది. "నన్ను చెల్లీ అనేది నువ్వొక్కదానివే కదక్కా."

గరుకు చూపు మూలనున్న కూజా మీదికి పోయింది. ఆమె కోరుకుంది కూజా. గుండె కాదు. వీధిలో గుర్రం ఆగిన చప్పుడైంది.

"విను," అంది చెల్లెలి మణికట్టు పట్టుకుని. "చెల్లెల్ని నేనంటాను. నా మొహం చూస్తే రాణిగారికి నవ్వొస్తుంది. అద్దం పిచ్చిదనుకుని పంపించేస్తుంది. వీడు నమ్మేలా నువ్వు చూడు."

"అక్కా, వద్దు..."

"నోర్ముయ్. ఎప్పుడూ నువ్వే ముందుండాలా?"

వేటగాడు నెరిసిన మీసాలవాడు. లోపలికి వచ్చే ముందు బూట్ల బురద శుభ్రంగా గీక్కున్నాడు. చంకలో చెక్కపెట్టె ఉంది.

"మీలో చెల్లెలెవరమ్మా?"

"నేనే," అంది గరుకు.

అతను ఆమెని చూశాడు. పక్కదాన్ని చూశాడు. మళ్ళీ ఆమెని చూశాడు.

"నువ్వా?"

"ఏం?"

"అమ్మాయ్, పొద్దున్నించీ తిండి లేదు నాకు. వేళాకోళాలాడకు."

గరుకుకి ఒళ్ళు మండిపోయింది. భయం కూడా కాసేపు పక్కకు పోయింది. "చావడానికి కూడా నా అందం చాలదా? కళ్ళున్నాయా నీకు?"

"ఉన్నాయి కాబట్టే అడుగుతున్నా," అని అతను వెన్నముద్ద వైపు అడుగు వేశాడు.

"మీకలాగే ఉంటుంది," అంది వెన్నముద్ద. "ఒక్క చూపుకి తెలీదు. ఏడాది ఒక్క ఇంట్లో ఉండి చూడండి. కోపమొస్తే ఆ కళ్ళు ఎలా మెరుస్తాయో చూశారుగా. ఇంట్లో ఏం జరిగినా దాన్నే పిలుస్తారు. గాజులో గీత ఉందా, దాన్ని అడగండి. బేరం కుదరాలా, దాన్ని రమ్మనండి. అది కొట్లోకొస్తే పనివాళ్ళందరూ నడుం నిటారుగా పెడతారు. నేనొస్తే పళ్ళికిలిస్తారు, అంతే. దాని నడకలా నడుద్దామని నేనెన్నిసార్లు చూశానో! రాలేదు. నన్ను బొమ్మలా చూస్తారు, దాన్ని మనిషిలా చూస్తారు. తీసుకుపోండి, నాకు పీడ వదులుతుంది!"

గరుకు నోరు తెరుచుకుని చూస్తూండిపోయింది.

వేటగాడు మీసం నిమురుకున్నాడు. "మా ఆవిడ కూడా వాళ్ళ చెల్లెలి గురించి అచ్చం ఇలాగే ఏడుస్తుంది. ఇంత కుళ్ళు ఉత్తినే పుట్టదు. పదమ్మా."

కోటలో రాణిగారి గది చిన్నదే. గోడకి ఆ అద్దం, ముందు ఒక పీట. రాణిగారి జుట్టు సగమే దువ్వి ఉంది. నిద్ర లేక కళ్ళ కింద నల్లగా ఉన్నాయి. గరుకుని పైనుంచి కిందిదాకా చూసి, చాలాసేపటినుంచి బిగబట్టిన ఊపిరి వదిలింది.

"ఈమేనా?"

"ఈమేనమ్మా," అన్నాడు వేటగాడు గుమ్మం దగ్గరనుంచి. "వాళ్ళక్కే చెప్పింది."

"చూశారు కదమ్మా," అంది గరుకు. "అద్దానికి పిచ్చి. నన్ను పంపించేయండి."

రాణిగారి మొహం మారిపోయింది. "ఇంకోసారి మాట్లాడు."

జవాబుకి ఆగకుండా రాణిగారే పీట మీద కూర్చుని అద్దంలోకి చూసింది. ఎంత చూసుకున్నా ఏం లాభం, అంది అద్దం, నీకన్నా మా చెల్లే అందగత్తె. మాట మాటకీ గరుకు గొంతే.

మొహం గురించే ఆలోచించిందిగానీ గొంతు సంగతి గరుకుకి తట్టనే లేదు.

"నువ్వు అక్కవి," అంది రాణిగారు. "అందగత్తె ఇంటి దగ్గరుంది." వేటగాడు పెట్టె చంక మార్చుకుని తలుపు మీద చెయ్యి వేశాడు. "ఆగు. ఒక్కటి అడగనీ. ఏమ్మాయ్, నిజం చెప్పు. అంత బాగుంటుందా?"

దెబ్బ తగిలిన చోటు మళ్ళీ మళ్ళీ తడుముకునేవాళ్ళు అడిగినట్టు అడిగింది. ఏడాదిగా ఈ ప్రశ్న గరుకుని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర కొల్లలుగా ఉన్నాయి.

"అదా! బాగుండటమా!" అంది. "మా అద్దం దూరంనుంచి చూసిన మాట చెప్పిందమ్మా, దగ్గర్నుంచి చూసింది నేను. చెవులు రెండూ ఒక ఎత్తులో ఉండవు, జుట్టు ముందుకి వేసుకుని కప్పుకుంటుంది. సొట్టబుగ్గలంటారా, ఒక్కవైపే. రెండోదానికి దేవుడికి ఓపిక చాల్లేదు. నిద్రలో నోరు తెరుస్తుంది, ఈగ లోపలికెళ్ళి ఊరు చూసి రావచ్చు. కుడికాలు ఈడుస్తుంది, చెప్పు ఒకటే అరుగుతుంది. తుమ్మితే పావురాలు లేచిపోతాయి."

రాణిగారు పీట మీద ముందుకు జరిగింది. "సొట్ట ఒక్కవైపేనా?"

"ఒట్టు."

"ఇంకా?"

"మెడ పొడుగంటారు. పొడుగే, కొంగకున్నంత. నవ్వితే పైచిగురు కనిపిస్తుంది. గోళ్ళు కొరుకుతుంది, కొరికి కిటికీలో దాస్తుంది."

ఒక్కటీ అబద్ధం కాదు. ఏడాదిపాటు రాత్రీ పగలూ ఏరుకున్న వంకలు. రాణిగారు పెదవి కొరుక్కుంది, తర్వాత ఫక్కున నవ్వింది. వేటగాడు తలుపు మీదినుంచి చెయ్యి తీశాడు. అంతలోనే ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఇన్ని వంకలున్న పిల్ల మీద నీకెందుకే అంత కుళ్ళు?"

గరుకు దగ్గర వంకలు అయిపోయాయి. కల్పించి చెబుదామనుకుంది. ఈ మనిషి ముందు కుళ్ళు గురించి అబద్ధం చెల్లదనిపించింది.

"దాని మొహం మీద కాదమ్మా," అంది నేల చూస్తూ. "మా నాన్న కూజా దాని చేతికిచ్చాడు. నేను పుట్టిన్నాటినుంచీ గాజు రుద్దుతున్నాను. అది నిన్న వచ్చింది. వెండిలో ఇద్దరి మొహాలూ కనబడితే, మా నాన్న ఎవర్ని చూస్తాడా అనుకున్నాను. దాన్నే అనిపించింది. అప్పుడు ఆ మాట నాతో నేననుకున్నాను. మీతో కాదు. మీరెవరో నాకేం తెలుసు?"

వేటగాడు దగ్గాడు. రాణిగారు పీట మీదే తిరిగి అద్దానికి వీపు పెట్టింది.

"నన్ను కాదన్నమాట," అంది. "నీ ఇంటి గొడవ తెచ్చి నా గోడకి తగిలించావు." వేటగాడితో, "ఆ పెట్టె ఇక్కడ పెట్టు. దువ్వెనలకి పనికొస్తుంది. అద్దం బండెక్కించు, గీకి మళ్ళీ పోసుకురమ్మను." మళ్ళీ గరుకు వైపు తిరిగింది. "ఈసారి పోసేదెవరు?"

నేనే అంటే చాలు. రాణిగారి నోటిమాటగా ఇంటికి తీసుకెళ్ళవచ్చు. తండ్రి కాదనలేడు. గరుకు మింగలేక కక్కలేక నిలబడింది. వంకలన్నీ ఒక్క ఊపిరిలో చెప్పిన మనిషికి ఈ ఒక్క మాటకి ఊపిరి చాల్లేదు.

"చెల్లే," అంది. "దాని ధార తెగదు."

బండి అద్దాల వీధిలోకి వచ్చేసరికి వెన్నముద్ద అరుగు మీద ఉంది. అక్కని చూడగానే పరుగెత్తుకొచ్చి మెడకి వేలాడింది.

"ఏం చెప్పావు వాళ్ళకి?"

"నీ గురించి నాలుగు మంచిమాటలు," అంది గరుకు. బండిలో అద్దాన్ని చూపించి, అది పలికిన మాట ఏమిటో, ఆ మాట అన్న నోరు ఎవరిదో కూడా చెప్పింది. వెన్నముద్ద ఏడుస్తూనే వింది. తిట్టలేదు. గరుకుకి అది ఇంకా కష్టంగా ఉంది.

"నువ్వు వేటగాడితో అన్నదంతా నాటకమేగా?" అంది గరుకు.

వెన్నముద్ద పైటతో మొహం తుడుచుకుంది. "పీడ వదులుతుందన్నది నాటకం."

"మిగతాది?"

వెన్నముద్ద గట్టిగా ముక్కు చీదింది. గరుకు అప్పుడు చూసింది. ఏడిస్తే ఆ ముక్కు వాచి వంకాయలా అవుతోంది. కళ్ళు చీమలంత మిగిలాయి. ఏడాదిలో దాన్ని ఇంతగా ఏడవగా ఎప్పుడూ చూడలేదు. ఇంత మంచి వంక రాణిగారికి చెప్పకుండా వచ్చానే అని ఆమె ప్రాణం ఉసూరుమంది.